కాగితం మీద లేని పెద్దమనిషి

ఆ అమ్మాయి ఏడాదిగా పగబట్టి ఉంది. ఉత్త పగ కాదు, దానికి వారమూ వేళా కూడా ఉన్నాయి. కిందటేడు ఒక బుధవారం సాయంత్రం సరిగ్గా అయిదింటికి కాలేజీ సహాయనిధి దరఖాస్తుల కిటికీ మూసేశారు. అప్పటికి ఆమె చేతిలో అన్ని కాగితాలూ ఉన్నాయి, మారుతండ్రి ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను తప్ప.

ఫార్మసీలో సీటు కష్టపడి తెచ్చుకుంది. ఫీజు మాత్రం వాళ్ళ తాహతుకు మించినది. ఇంటి ఆదాయం రిటర్నులతో రుజువు చేస్తే చాలా మటుకు సహాయనిధే కడుతుంది. సొంత తండ్రి ఆమెకు ఏడేళ్ళప్పుడే పోయాడు. ఆ తర్వాత అమ్మ పెళ్ళి చేసుకున్న ఈయనకు వాషింగ్ మెషిన్లు బాగుచేసే షాపుంది. మంచి పనిమంతుడే, కాదనను. రిటర్ను మాత్రం జన్మలో వేసిన పాపాన పోలేదు.

"రేపు వేస్తాలే" అంటూ రెండు నెలలు నెట్టుకొచ్చాడు. ఆ పిల్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది, కాళ్ళావేళ్ళా పడింది. ఆఖరు రోజు పొద్దున కాఫీ తాగుతూ అసలు సంగతి కక్కాడు.

"ఇదిగో, ఒకసారి వేశామనుకో, ఇన్నేళ్ళూ ఎందుకు వెయ్యలేదని పీక మీద కూర్చుంటారు. నీ చదువు కోసం నేను ఇరుక్కోవాలా? నేను కాగితం మీద లేను. ఉండను. అదే నా తెలివి."

"మరి నా సీటు, అంకుల్?"

"పోతే పోయింది. షాపులో కూర్చుని ఫోన్లెత్తు. మందులమ్మే చదువుకి ఇంత గోలా?" అని నవ్వాడు.

ఆ నవ్వు ఉంది చూశారూ, దానికే ఆమె కడుపు రగిలిపోయింది. సీటు పోయినందుకు ఏడ్చింది, ముక్కు చీదింది, తేరుకుంది. నవ్వును మాత్రం మరిచిపోలేదు. 'నిన్నిలాగే నలుగురి ముందూ నోరు మూయించకపోతే అప్పుడడుగు' అని స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో పైకే అనుకుంది.

మర్నాటి నుంచి షాపులో కూర్చుంది. విప్పేసిన డ్రమ్ములు, తుప్పు వాసన, తడి నూలుపీచు, కాళ్ళకడ్డంగా పాత గొట్టాలు. వచ్చినవాళ్ళు బిల్లు అడిగితే "నా మాటే బిల్లు సార్" అంటాడు పెద్దమనిషి. పక్కనున్న స్పేర్‌పార్టుల షాపాయనతో రోజూ ఇదే ఊదర. "షాపు లైసెన్సు మా ఆవిడ పేరు. వ్యాను మా ఆవిడ పేరు. ఫోను, కరెంటు మీటరు, డబ్బు పడే బ్యాంకు ఖాతా, అన్నీ ఆవిడవే. టాక్సు వాళ్ళు భూతద్దం పెట్టి వెతికినా నేను దొరకను." ఆ షాపాయన "మీ బుర్రే బుర్రండీ" అని తలూపేవాడు. ఆ పిల్ల కూడా వినీ వినీ విసిగిపోయింది. నెలల తరబడి విన్నాక ఒకరోజు చేతిలో ఫోను అలాగే పట్టుకుని ఆగిపోయింది. అన్నీ అమ్మవైతే, ఈయనదేముంది?

బిల్లు లేదనిపించుకుని మొహం చిట్లించి వెళ్ళిన వాళ్ళలో ఒక ఆడిటరమ్మ ఉంది. ఆమె నంబరు షాపు ఫోనులోనే ఉంది. మధ్యాహ్నం భోజనం వేళ ఆ పిల్ల ఆమె ఆఫీసుకు వెళ్ళి, లైసెన్సు నకలూ బ్యాంకు కాగితాలూ బల్ల మీద పరిచింది.

ఆడిటరమ్మ కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కటే చూసింది. "లైసెన్సు మీ అమ్మగారిది, ఖాతా మీ అమ్మగారిది. అంటే షాపు ఆవిడదేనమ్మా. రిటర్ను వెయ్యాల్సింది ఆవిడ. ఈయన అక్కడ పనిచేస్తుంటే జీతం తీసుకునే మనిషి. ఆ జీతానికి రిటర్ను అక్కర్లేదు కూడా."

"ఆదాయమంతా చూపిస్తే నాకు సాయం రాదేమో కదా మేడమ్?"

"సాయానికి పెట్టిన ఆదాయ హద్దు ఇంకా చాలా పైన ఉంది. కానీ నా దగ్గర దాపరికం కుదరదు. పాత సంవత్సరాలవీ వెయ్యాలి, ఫైను కట్టాలి."

"ఒక్క రూపాయి కూడా దాచొద్దు మేడమ్. అన్నీ వేద్దాం." ఇంత సంతోషంగా టాక్సు కడతానన్నవాళ్ళను ఆడిటరమ్మ తన సర్వీసులో చూసి ఉండదు.

"ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆయనొచ్చి షాపు నాదన్నాడంటే ఇదంతా తలకిందులవుతుంది. అప్పుడు ఆయనే తన పేరున అన్నేళ్ళవీ వేసుకోవాలి. ఈలోగా నీ దరఖాస్తు మూలపడుతుంది."

ఈ ఏడు మళ్ళీ తెచ్చుకున్న సీటు కూడా పోతే మూడోసారి ఇవ్వరు. అయినా ఆ పిల్ల వెనక్కి తగ్గలేదు.

అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. ఎనిమిదేళ్ళుగా ఆయన వేలు ఎక్కడ పెడితే అక్కడ సంతకం చేస్తూ వచ్చింది. ఈసారి కూతురు వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, రిటర్ను మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి వినిపించింది. అమ్మ స్టవ్ ఆపేసింది.

"షాపు నాదా?"

"నీదే."

"వ్యాను?"

"అదీ నీదే."

అమ్మ చేతులు తుడుచుకుని కాగితాలు దగ్గరికి లాక్కుంది. "తెగిన చెప్పులు మార్చుకోవడానికి కూడా ఆయన్ని బతిమాలాను. ఎంత వెర్రిదాన్నే నేను!" అంది. తర్వాత అడిగింది, "మరి ఆయనేమిటి ఇందులో?"

"పనివాడు. జీతం ఇంత."

"అంతెందుకు? పదకొండయితే గానీ షాపు మొహం చూడడుగా!"

కూతురు పకపకా నవ్వింది. ఏడాదిలో అదే మొదటి నవ్వు. అమ్మ సంతకం పెట్టింది, గుట్టుగా ఉంది. ఫైనుతో సహా రిటర్నులన్నీ వేసి, కూతురు ఈసారి గడువు లోపలే దరఖాస్తు ఇచ్చింది.

నెలన్నర తర్వాత సహాయనిధి తనిఖీ అధికారి ఫైలు పట్టుకుని షాపుకే వచ్చాడు. అమ్మ అసలు కాగితాలతో ముందే వచ్చి కూర్చుంది. అవతల స్పేర్‌పార్టులాయన, ఇవతల తమ మెషిన్ల కోసం వచ్చిన ఒకావిడా, ఒకాయనా. పెద్దమనిషి మోకాళ్ళ మధ్య డ్రమ్ము పెట్టుకుని బేరింగు ఊడదీస్తున్నాడు.

"ఈ షాపు యజమానురాలు..." అన్నాడు అధికారి.

"నేనేనండి" అంది అమ్మ లేచి.

పెద్దమనిషి చేతిలో స్పానరు ఆగిపోయింది. "ఏమిటీ! నువ్వా?" అని నవ్వబోయాడు. ఆ పిల్ల రిటర్ను నకలు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. నూనె వేళ్ళతోనే తిప్పాడు. ఒక్కో పేజీకీ మొహంలో రంగు దిగుతూ వచ్చింది.

"ఇందులో ఒక పనివాడున్నాడని రాశారు. ఆదాయం ఇదేనని నేను నిర్ధారించుకోవాలి. మీరెవరు?" అధికారి ఆయన్ని అడిగాడు.

ఒక్క మాట చాలు. 'షాపు నాది' అంటే ఆ పిల్ల చదువు అక్కడితో ఆఖరు. ఆయన తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు, ఆ చూపులో 'ముంచేస్తాను నిన్ను' అని ఉంది. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

"చెప్పండి అంకుల్, మొహమాటమెందుకు? షాపు మీదైతే మీదని చెప్పండి. ఎన్నేళ్ళ నుంచో, ఏడాదికెంతో కూడా చెప్పండి. సార్ రాసుకుంటారు."

అధికారి పెన్ను మూత తీశాడు. ఆయన ఆ పెన్ను వంక చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"పని... పనిచేస్తానండి."

"వినబడలేదు."

"ఇక్కడ పనిచేస్తానండి! పనివాణ్ణి!"

స్పేర్‌పార్టులాయన నవ్వాపుకోలేక దగ్గుతూ తన షాపులోకి దూరిపోయాడు. అధికారి రాసుకుని, ముద్ర కొట్టి, "కోర్సు పూర్తయ్యేదాకా సాయం వస్తుందమ్మా, బాగా చదువుకో" అని వెళ్ళిపోయాడు. జాలి వేస్తుందేమోనని ఆ పిల్ల లోపల వెతుక్కుంది. ఇసుమంతైనా లేదు. హాయిగా ఉంది, అంతే.

అధికారి వీధి మలుపు తిరిగాక ఆయన పళ్ళు కొరుకుతూ భార్య మీదికి లేచాడు. "ఇంత పని చేస్తావా? ఇంటికి పద, చెప్తా నీ సంగతి!"

ఆ పిల్ల నోరు తెరవబోయింది. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంటి సంగతి తర్వాత చూద్దాంలెండి" అంది అమ్మ, గొంతు ఏమాత్రం పెంచకుండా. "ఆవిడ మెషిన్ సాయంత్రానికి ఇస్తామన్నాం. ముందు అది కానివ్వండి."

ఆయన స్పానరు తీసుకుని డ్రమ్ము ముందు కూర్చున్నాడు.