ఎర్రగుడ్డ

బండి దగ్గి ఊరుకుంది. “పొద్దున్నే నీ అలకేంటే తల్లీ!” అని సీటు మీద చరిచాడు చిన్నోడు. ప్లగ్గు ఊడదీసి, మసి తుడిచి, మళ్ళీ బిగించి తన్నాడు. ఈసారి పొగ కక్కుకుంటూ లేచింది. వెనక కట్టిన రొట్టెల ట్రేలు గడగడలాడాయి.

బేకరీ నుంచి చిన్నచిన్న కొట్లకు రొట్టెలు చేరవేయడం అతని పని. పెళ్ళికి ముందూ ఈ బండే, జుట్టు నెరిశాకా ఈ బండే. మధ్యాహ్నం దాకా అతనిది, ఆ తర్వాత వడ్రంగం చేసే అన్నది. ఇద్దరూ కలిసి కొన్నారు. “అది నా మూడో కొడుకు. మీ ఇద్దరికంటే దానికే తిండి ఎక్కువ” అనేది వాళ్ళమ్మ.

ట్యాంకులో ఎంతుందో చూపే ముల్లు ఏనాడో చచ్చింది. పెట్రోలు అడుగంటితే బండి నత్తి కొడుతుంది. అప్పుడు ట్యాంకు కింది మీటను రిజర్వుకి తిప్పాలి. ఇంకాస్త దూరం లాగుతుంది. అదీ అయిపోతే మరో హెచ్చరిక ఉండదు, ఆగిపోవడమే. అందుకే అన్నదమ్ములు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. రిజర్వుకి తిప్పినవాడు హ్యాండిల్‌కి ఎర్రగుడ్డ కట్టాలి. అది చూసి రెండోవాడు ముందు పెట్రోలు బంకుకి వెళ్తాడు.

ఆ రోజు చివరి కొట్టు దాటగానే బండి నత్తి కొట్టింది. చిన్నోడు మీట తిప్పాడు. బంకు దగ్గర చాంతాడంత వరుస. అవతల ఆసుపత్రిలో అమ్మ ఒక్కతే ఉంది. నేరుగా అన్న పనిచేసే కొట్టానికి వచ్చి, సీటు కింద నుంచి గుడ్డ తీశాడు. లోపల్నుంచి అన్న ఉలి చప్పుడు వినిపించింది. మొన్న ఇలాగే కడితే పనివాళ్ళందరి ముందూ, “మా వాడికి తోలడమే వచ్చు, పోయించడం రాదు” అన్నాడు. అందరూ పళ్ళికిలించారు. చిన్నోడికి ఇప్పుడూ ఒళ్ళు మండింది. ఆసుపత్రి ఎంత దూరమని? ఆ మాత్రం రాదా ఏంటి! గుడ్డను జేబులో కుక్కుకున్నాడు.

కనుబొమల మీద రంపపు పొట్టుతో అన్న బయటికొచ్చి తాళం అందుకున్నాడు.

“సాయంత్రం నేనొస్తానని అమ్మకి చెప్పు.”

చిన్నోడు బస్సులో వెళ్ళాడు. కాసేపటికే అమ్మ ఊపిరి తీరు మారింది. నర్సు చెయ్యి పట్టి చూసి, “దగ్గరివాళ్ళుంటే పిలిపించండి” అంది.

“అన్నా, వెంటనే రా” అన్నాడు ఫోన్‌లో.

“వస్తున్నాన్రా. బండుందిగా, ఎంతసేపు!”

‘ఆటోలో రా’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఎందుకని అడుగుతాడు. “జాగ్రత్తగా రా” అన్నాడు చిన్నోడు.

అమ్మ కళ్ళు తెరిచింది. “పెద్దోడేడీ?”

“దారిలో ఉన్నాడమ్మా.”

“బండి మీదేనా?”

“ఆఁ.”

“అయితే వచ్చేస్తాడులే” అని తలుపు వైపు చూస్తూ పడుకుంది.

మళ్ళీ ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. అమ్మ పెదవి చివర కారుతున్న నీళ్ళు తుడవబోయి జేబులో చెయ్యి పెడితే ఎర్రగుడ్డ వచ్చింది, పెట్రోలు కంపుతో. గబుక్కున లోపలికి తోసేసి చొక్కా చేత్తో తుడిచాడు. పాడు బుద్ధి, పాడు బుద్ధి అని తనను తాను తిట్టుకున్నాడు. అమ్మ ఇంకోసారి పెద్దోణ్ణి అడిగింది. ఆ తర్వాత అడగలేదు. నర్సు వచ్చి, చూసి, దుప్పటి ముఖం మీదికి లాగింది.

అన్న వచ్చేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. గుమ్మంలోనే అర్థమై, అమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

“సగం దారిలో ఆగిపోయిందిరా. మీట తిప్పుదామని చూస్తే అప్పటికే తిరిగి ఉంది. నిన్న నేనే తిప్పి, గుడ్డ కట్టడం మర్చిపోయినట్టున్నా. తోసుకుంటూ తోసుకుంటూ... ఎవరో దయతలచి కాస్త పోశారు. నా చేతులు పడిపోను! పొద్దున నువ్వెలా నెట్టుకొచ్చావో ఏమో, పాపం.”

చిన్నోడి నోరు తెరుచుకుంది. “అన్నా...” అన్నాడు.

“ఏడవకురా. తప్పు నాది” అని అన్న అతని వీపు నిమిరాడు. “వెళ్ళి మీ వదినని తీసుకురా.”

తాళం పట్టుకుని కిందికి దిగాడు చిన్నోడు. బండి గోడవారన నిలబడి ఉంది. సీటు కింద గుడ్డ దొరక్క కాబోలు, తమ్ముడు దారిలో ఆగిపోకూడదని, హ్యాండిల్‌కి అన్న తన చేతిరుమాలు కట్టి వెళ్ళాడు, చెమటకి తడిసినది, గట్టిగా ముడేసి.