ఏడో నంబరు ఆకు

టక్, టక్, టక్. తలుపు తీయకముందే వినిపించింది, అయస్కాంతపు గుళిక గాజు బీకరును కొట్టుకుంటున్న చప్పుడు. కలిపే యంత్రాన్ని అవసరానికి మించి తిప్పే తొందర ఆ ల్యాబులో గైడుగారిది తప్ప మరెవరిదీ కాదని పరిశోధక విద్యార్థినికి తెలుసు.

ఆకు పసరుతో జింకు ఆక్సైడు నానో పొడి తయారుచేయడం ఆయన ఘనత. రసాయనమన్నదే లేదు, అంతా ప్రకృతేనని సభల్లో చెబుతారు. ఆ ప్రకృతిలోకి గ్లాసెడు కాస్టిక్ సోడా పోసేది మాత్రం ఆమె. పక్క ల్యాబువాళ్లు కాజేస్తారని ఆకుల పేర్లు ఎవరికీ చెప్పరు, అన్నిటికీ నంబర్లే. కాజేయడానికి ఇక్కడేముందని ఆమె ఐదేళ్లుగా మనసులోనే నవ్వుకుంటోంది. పైకి నవ్వితే థీసిస్ మీద సంతకం ఉండదు. ఆ సంతకం ఈరోజే పెడతానన్నారు.

లోపల ఆయింటుమెంటు కంపెనీ మేనేజరు కూర్చుని ఉన్నాడు. ఆమె జ్వరంతో రాని రెండు రోజుల్లో గైడుగారే ఏడో నంబరు ఆకును కాచి, పొడి తీసి, సీసాకెత్తారు. మిగిలిన ఆకులు బల్ల కింద గోనెసంచిలో ఉన్నాయి. ఒకటి తుంచింది. పాలు కారాయి. ఏడో నంబరుకు పాలు లేవు. పశువు కూడా మూతి పెట్టని ఈ విషపు ఆకును ఆమె చిన్ననాటి నుంచీ ఎరుగును.

గుమ్మంలో తోటమాలి కనిపించాడు.

"బాబాయ్, ఇదెక్కడ కోశావు?"

"సారు కిటికీలోంచి చూపించిన చోటేనమ్మా. ఏ చెట్టండీ అంటే, పేరుతో నీకేం పనయ్యా, నా వేలు చూసి కొయ్యమన్నారు. వేలెటుంటే అటు కోశా."

ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది. బల్ల దగ్గర గైడుగారు మురిసిపోతున్నారు.

"అందరిలా కొలిమిలో కాల్చి చంపం సార్. ఎనభై డిగ్రీల్లో ఆరబెడతాం, అంతే. ఆకు గుణమంతా పొడిలోనే ఉంటుంది."

"మధ్యాహ్నమే మా ఉచిత శిబిరంలో పిల్లల గాయాల మీద పూసి చూస్తాం. ఇంతకీ ఏ ఆకండీ?"

"అది మాత్రం అడక్కండి. ఇదిగో, మా అమ్మాయిని చూడండి. ఐదేళ్లు, ఒక్కమాట బయటికి పొక్కలేదు. బల్లకైనా కిర్రుమనే బుద్ధుంది గానీ ఈవిడకి లేదు."

మేనేజరు మర్యాదకు నవ్వాడు. గైడుగారు థీసిస్ దగ్గరికి లాక్కుని, కలం మూత తీశారు. చెట్టుకూ చెట్టుకూ తేడా తెలియని ఆ వేళ్ల మధ్య కలం ఆమెకు మొదటిసారి బొత్తిగా చులకనగా కనిపించింది. ఈ గీత కోసమా తాను ఇన్నాళ్లూ నోరు కుట్టుకున్నది!

మేనేజరు సీసాను సంచిలో పెట్టుకోబోయాడు. ఆమె దాన్ని అతని చేతిలోంచి తీసుకుంది.

"అమ్మాయ్, ఏమిటది?" అన్నారు గైడుగారు.

ఆమె మేనేజరు వైపు తిరిగింది.

"పచ్చగన్నేరు."