నా పేరు మీది కొట్టు

శనగపిండి కలుపుతుంటే ముందుగదిలోంచి పైడిరాజు గొంతు వినిపించింది. "మన జనం డబ్బులట్టుకుని రైలెక్కి కోటకి పోతన్నారు. ఆళ్లని ఇక్కడే ఆపాల." కోటంటే శృంగవరపుకోట, ఘాటీ కింద ఊరు. పైడిరాజు సొంతూరూ అదే. కొండ మీద మావాళ్ళని అతను "మన జనం" అనడం విని నాకు నవ్వొచ్చింది. కూరలో ఉప్పెక్కువైతే మాత్రం "మీ జనానికి తిండి తెలీదే" అంటాడు.

కొండ మీది మా డుంబ్రిగుడ సంతని బాగుచేద్దామని పెద్దమనుషులూ వ్యాపారులూ మా ఇంట్లోనే కూర్చునేవారు. సంత మధ్య బురద తీయించాలి, పక్కా కొట్లు కట్టాలి, లైట్లు పెట్టాలి. ఒక్కో ఆలోచనకి ఒక్కో పళ్ళెం బజ్జీలు. వేయించేది నేను, అడుగున మిగిలిన మాడు ముక్కలు తినేదీ నేనే. ఒకరోజు టీ గ్లాసులు అందిస్తూ ఉండబట్టలేక అనేశాను. మా ఆడవాళ్ళు కోటకి పోయేది ఇక్కడ సరుకు లేక కాదు. జాకెట్టు అడిగితే కొట్టువాడు కళ్ళతోనే కొలత తీస్తాడు. పొద్దంతా సంతలో ఉన్నా ఒంటికి పోవడానికి చోటుండదు, అందుకని ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి నీళ్ళు ముట్టరు. ఆడమనిషి అమ్మే కొట్టు ఒకటీ, దాని వెనక ఒక మరుగుదొడ్డీ ఉంటే ఎవరూ రైలెక్కరు అన్నాను. గది గదంతా గొల్లున నవ్వింది. "కొండంత కొండుంది కదేటే, దానికో గది కావాలా?" అన్నాడు పైడిరాజు. తర్వాత పెద్ద మీటింగులో అదే మాట తన మాటగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. బజ్జీలు తిని వెళ్ళే అప్పారావే నాకు చెప్పాడు, "మీవోడి బుర్రే బుర్ర" అని మెచ్చుకుంటూ.

కొట్లు లేచాయి. ఏజెన్సీలో కింద నుంచి వచ్చినవాళ్ళ పేరు మీద కొట్టు ఇవ్వరు, గిరిజనులకే ఇస్తారు. ఈ సంగతి అందరికీ తెలుసు. దీనికి విరుగుడూ అందరికీ తెలుసు. కోటలో పెళ్ళాం, కొండ మీద నాలాంటిది. మేముండే ఇల్లు నా పేరు మీదే కట్టాడు, కొట్టుకీ నా పేరే రాయించాడు. నా మెడలో మాత్రం ఏమీ కట్టలేదు. మొదట్లో అడిగితే "నీ పేరు మీదున్నది నాది, నేను నీవోణ్ణి. మద్దిన తాడెందుకే?" అన్నాడు. ఆ మాటకి నేను మురిసిపోయాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కొట్టు దగ్గర మాత్రం గట్టిగా ఆశపడ్డాను. "గల్లా మీద నువ్వే కూకుంటావు రత్నం" అన్నాడు మరి. పది చదివాను, లెక్కలొచ్చు, మావాళ్ళతో మా మాటలోనే బేరమాడతాను. వచ్చిన ఆడమనిషిని లోపల కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, జాకెట్లు చూపించాలనుకున్నాను. నిద్రలో కూడా జాకెట్లు మడతపెట్టేదాన్ని.

తాళాలిచ్చే రోజు నేను కట్టుకున్న చీర చూసి మొహం చిట్లించాడు. "ఇదేటి, టీచరమ్మ లాగ? మోకాళ్ళ దాకా కట్టు, మీయమ్మ లాగ. ముక్కుకి ఆ మూడు పోగులూ ఎట్టు. ఫొటో తీత్తారు." నేను ఇతని దగ్గరకి వచ్చిన కొత్తలో ఆ పోగులు తీయించింది ఇతనే, ఆ అవతారంతో పక్కన నడవొద్దని. చిల్లులు ఎప్పుడో పూడిపోయాయి. అద్దం ముందు నిలబడి మళ్ళీ గుచ్చుకున్నాను. నెత్తురొచ్చింది. "తుడుసుకుని బేగి రా" అన్నాడు.

దారిలో పాఠం చెప్పాడు. "ఆఫీసరు అడిగితే నేను నీకేటీ కానని సెప్పాల. మొగుడని నోరు జారేవో, కొట్టు పోద్ది."

కొత్త కొట్టులో గల్లా ముందు కుర్చీలో పట్టుచీర కట్టుకుని ఒకావిడ కూర్చునుంది. కనకమహాలక్ష్మి, కోటలో ఉండే పెళ్ళాం. పొద్దుటి రైలుకే వచ్చిందట. నన్ను ఎగాదిగా చూసి మొగుణ్ణి అడిగింది.

"వంట సేసే గుంట ఇదేనా?"

"ఆఁ, ఇదే" అన్నాడు. తడుముకోలేదు.

"టీ ఎట్టమను."

"ఫొటో అయినాక ఎడతాది."

నా ముక్కు భగ్గున మండుతోంది. ఎవరి కంటా పడకుండా వెనక్కి వెళ్ళాను. మరుగుదొడ్డి తలుపు తీసే ఉంది. లోపల పైకప్పు దాకా గుడ్డల మూటలు.

ఆఫీసరు వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఫొటో తీశారు. గుమ్మం ముందు సంతకొచ్చిన మావాళ్ళు గంపలు దించుకుని చూస్తున్నారు. ఆఫీసరు పైడిరాజు వైపు చూసి, "ఈయన మీకేమవుతారమ్మా?" అన్నాడు. ఎవరైనా నలుగురిలో ఆ మాట అడిగితే బాగుండునని ఇన్నేళ్ళూ ఎదురుచూశాను.

"ఏమీ కారండీ" అన్నాను. "సంతకి కింద నుంచి వచ్చే షావుకారు."

పైడిరాజు హాయిగా ఊపిరి వదిలాడు. ఆఫీసరు పక్క కొట్టుకి కదలగానే చెయ్యి చాపాడు. "తాళం ఇలాగిచ్చి, ఎల్లి టీ ఎట్టు."

తాళంచెవి కొంగున ముడేసుకున్నాను. గల్లా దగ్గరకి వెళ్ళాను. "లెగండమ్మా, అది నా కుర్చీ. షావుకారు నాకేటీ కాడని ఇప్పుడే సెప్పాను కదా. ఏటీ కానోడి పెళ్ళానికి నా కొట్లో ఏం పని?"

కనకమహాలక్ష్మి మొగుడి మొహం చూసింది. అతను పక్క కొట్టు ముందున్న ఆఫీసరు వైపు చూశాడు. ఆవిడే లేచింది. ఆవిడ మీద నాకు జాలేసింది. అయినా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. గుమ్మం దగ్గరున్న మావాళ్ళలో సోములమ్మని మా మాటలో పిలిచి, వెనక మరుగుదొడ్డిలో మూటలు బయటికి లాగించమన్నాను.

మొదటి మూట బురదలో పడ్డాక పైడిరాజుకి నోరొచ్చింది. నా మీదకి వంగి, పళ్ళ మధ్యనుంచి అన్నాడు, "ఇంటికి రా. నీ సంగతి సెప్తాను."

"ఏ ఇంటికి?" అన్నాను. "అదీ నా పేరు మీదే ఉంది."