గడియారం కింద ముసుగులు

దగ్గరికి జరిగి కూర్చోండి. యూనివర్సిటీకి పోయేవాళ్ళు ఆ సంచులు పక్కన పెట్టండి, షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు కాళ్ళు చాపుకోండి, నేనేమీ అనుకోను. సుగుణకుమారిని దొంగ అన్న రోజు సంగతి చెబుతాను. కళ్ళారా చూసినదాన్ని.

తొంభై ఒకటో సంవత్సరం, మేం ఈ దేశం వచ్చిన కొత్త. బ్లాక్‌టౌన్ స్టేషను అవతల ఒక పెద్ద లాండ్రీ ఉండేది. ఆసుపత్రుల దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి లారీలకెక్కించడం మా పని. గుంటూరు, బందరు వైపు నుంచి వచ్చిన మనవాళ్ళం, వియత్నాంవాళ్ళు, లెబనాన్‌వాళ్ళు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు, అంతా ఆడవాళ్ళమే. ఒకరి భాష ఒకరికి రాదు. టీ రూములో మాత్రం అందరి అన్నం డబ్బాలూ అందరివి.

ఆ ఏడు ఆ టీ రూములోకే అనుమానం దూరింది. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో, యూనియన్ కాగితం ఎవరు చేతిలోకి తీసుకున్నారో మేనేజరుకు తెలిసిపోయేది. కాగితం అందుకున్నవాళ్ళకు షిఫ్టులు తగ్గేవి. ఎవరో చేరవేస్తున్నారనుకున్నాం. జూడీ అని ఫిలిప్పీన్స్ పిల్ల, సూపర్‌వైజరు కారులో క్వేకర్స్ హిల్‌లో తన ఇంటిదాకా వెళ్ళేది. ఇంకేం, అందరి చూపూ ఆమె మీదే. ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. ఆమె డబ్బాలో చెయ్యి పెట్టినవాళ్ళు లేరు.

ఆ సూపర్‌వైజరు పరాయివాడు కాదు, మెల్విన్. మన చర్చిలో ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకునేవాడు.

ఒకనాడు సుగుణను ఆఫీసుకు రమ్మన్నారు. భయపడుతుంటే తోడు వెళ్ళాను. మేనేజరు వీడియో పెట్టాడు. టీవీలో మా టీ రూము. సుగుణ ఆసుపత్రి తువ్వాలుతో లోపలికి వచ్చింది, తల మీద కప్పుకుంది, మొహం వంచుకుంది. అక్కడ టేపు ఆపేశాడు.

"కంపెనీ సొత్తు దొంగతనం. రాజీనామా మీద సంతకం పెట్టు, లేదా పోలీసులు వస్తారు. తప్పు చెయ్యకపోతే మొహం ఎందుకు దాచుకున్నావు?"

"ప్రేయర్ సర్," అంది సుగుణ. "ఫుడ్ ప్రేయర్."

మన ఆడవాళ్ళు ముసుగు లేకుండా ప్రార్థన చెయ్యరు కదా. చీరకైతే కొంగుంటుంది, పనిబట్టలకు కొంగెక్కడిది? చేతికందిన తువ్వాలు నెత్తిన వేసుకుని అన్నం ముందు కళ్ళు మూసుకునేవాళ్ళం. తిన్నాక మురికిబట్టల బండిలో పడేసేవాళ్ళం. అది కంపెనీ తువ్వాలన్న ఆలోచనే మాకు రాలేదు.

మెల్విన్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"మెల్విన్ బాబూ, నువ్వు చెప్పవయ్యా. మీ అమ్మ ముసుగు లేకుండా ప్రార్థన చెయ్యగా ఎప్పుడైనా చూశావా?" అన్నాను.

"ఆంటీ, ప్లీజ్. ఇది ఆఫీస్ మ్యాటర్, చర్చి మ్యాటర్ కాదు."

"తెలుసా, తెలీదా?"

"నాకు తెలిస్తే ఏంటి ఆంటీ? టేప్‌లో ఉన్నదే ఎవిడెన్స్ అంటారు వీళ్ళు."

సంతకానికి మర్నాటి దాకా గడువిచ్చారు. బయటికి రాగానే సుగుణ నా చెయ్యి పట్టుకుంది. "దొంగ అని పేరు పడితే ఇంకెక్కడ పనిస్తారు ఆంటీ? ఆదివారం ఏ మొహం పెట్టుకుని చర్చికి రాను?"

నా మనసు టీవీలో చూసిన ఆ బొమ్మ చుట్టూనే తిరుగుతోంది. పైనుంచి చూస్తున్నట్టుంది అది. అంత ఎత్తున టీ రూములో ఏముంది, గోడ గడియారం తప్ప?

కరోలిన్‌కు చెప్పాను. ఇక్కడే పుట్టిన తెల్లమ్మాయి, మా యూనియన్ మనిషి. కుర్చీ ఎక్కి గడియారం కిందికి దించింది. అంకెల మధ్య చిన్న రంధ్రం, దాని వెనక కెమెరా గాజుకన్ను, గోడలోకి పోయిన వైరు.

చేరవేసింది మనిషి కాదు, ఆ కన్ను. లెబనాన్ ఆవిడ తన డబ్బాను మెల్లగా జూడీ ముందుకు జరిపింది.

"ఇన్నాళ్ళూ నాతో ఒక్కరూ మాట్లాడలేదు," అంది జూడీ. "ఆ గడియారాన్ని అడిగినా బాగుండేది."

"దీనికి లా లేదా?" అని అడిగారెవరో.

"గవర్నమెంట్ ఆఫీసులకు ప్రైవసీ చట్టం వచ్చింది. ప్రైవేటు బాసు కెమెరా దాని కిందికి రాదు," అంది కరోలిన్.

"మరింకేం చేస్తాం?"

"నాకోసం మీ పనులు పోగొట్టుకోకండి," అంది సుగుణ.

జూడీ కసురుకుంది. "నీ ఒక్కదాని బొమ్మేనా అందులో ఉంది? నా బొమ్మ లేదా? వాడికి లా లేకపోతే మనమే పెడదాం. కన్ను ఎక్కడ పెట్టాడో చెప్పాలి. తినేచోట, బట్టలు మార్చుకునేచోట పెట్టకూడదు. నా బొమ్మ తీస్తే నాకు మొత్తం చూపించాలి, వాడికి కావలసిన ముక్క కాదు."

"పని అయ్యాక చెరిపెయ్యాలి," అని నేను కలిపాను. కరోలిన్ గడియారాన్ని మళ్ళీ గోడకు తగిలించింది.

మర్నాడు మధ్యాహ్నం మిషన్లన్నీ ఆగిపోయాయి. ప్రతి ఆడదీ ఒక తువ్వాలు నెత్తిన కప్పుకుని వచ్చి టీ రూములో కూర్చుంది. బుద్ధుడికి మొక్కేవాళ్ళూ, అల్లాకు మొక్కేవాళ్ళూ, దేనికీ మొక్కని కరోలిన్ కూడా. గడియారం కింద గది నిండా తెల్లటి తలలు.

మేనేజరు రాజీనామా కాగితం పట్టుకుని పరుగున వచ్చాడు. "మీలో సుగుణ ఎవరు?"

ఒక్క ముసుగూ కదల్లేదు.

"నీ టేపును అడుగు," అంది ఒక ముసుగు కింద నుంచి జూడీ గొంతు. "మొత్తం పెట్టి అడుగు."

బయట లారీలు ఖాళీగా నిలబడ్డాయి, ఆసుపత్రుల నుంచి ఫోన్లు మోగుతున్నాయి. చివరికి టీవీని టీ రూముకే మోసుకొచ్చి టేపు మొత్తం పెట్టారు. సుగుణ ప్రార్థన చేసింది, అన్నం తింది, తువ్వాలు తీసి మురికిబట్టల బండిలో పడేసి వెళ్ళిపోయింది. అందరం చూశాం.

"వీళ్ళు అలాగే ప్రేయర్ చేస్తారు సర్," అన్నాడు మెల్విన్, నేల చూస్తూ.

"టేపు చెప్పాక చెప్పావా నాయనా," అన్నాను.

రాజీనామా కాగితం చించేశారు. మేమడిగినవన్నీ రాసి గోడకు అంటించారు. ఆ గాజుకన్ను పీకేశారు. టేపు చెరిపేశామన్నారు. చెరుపుతుంటే మేము చూడలేదు. దానికింకో కాపీ లేదని ఈనాటికీ నేను నమ్మను.

కొన్నాళ్ళకు బట్టలు మడతపెట్టే బల్లలకు పైన, పైకప్పుకు, నల్లటి గుండ్రటి కెమెరా బుడ్డి ఒకటి వేలాడింది. గోడమీది కాగితంలో దాని ఊసు లేదు. ఏం చెయ్యాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. సుగుణే ముందు తువ్వాలు అందుకుని నెత్తిన కప్పుకుంది, పక్కన జూడీ, ఆపైన వరసంతా. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

మీరు పనిచేసేచోట పైన ఏదైనా మెరిస్తే, ముందు పక్కమనిషిని అనుమానించకండి. పిలిచి కూర్చోబెట్టి సుగుణ సంగతి చెప్పండి. జూడీని వెలివేసిన సంగతి కూడా దాచకుండా చెప్పండి. విన్నవాళ్ళను ఇంకొకరికి చెప్పమనండి.