రత్నమణి పంపిన బుడ్డి

థూ! ఏం బతుకురా ఇది అనుకున్నాడు దాసన్న. మిషను ఆసుపత్రిలో కాంపౌండరంటే మందులు కలిపే పని అనుకున్నాడు గానీ, పొద్దున లేస్తూనే కర్నూలు ఊరందరి ఉచ్చ కాచాలని కలగన్నాడా? బల్లమీద పదమూడు బుడ్లు. ఒకదాంట్లో ఆముదం తెట్టు, ఒకదాంట్లో చచ్చిన ఈగ. ముక్కుకు తువ్వాల బిగించి స్పిరిట్ దీపం మీద గాజుగొట్టం పెడితే, ఆ ఆవిరికి తిన్న సంగటి గొంతుదాకా వచ్చేది.

పదకొండో బుడ్డి సొంత చెల్లెలు రత్నమణిది. కల్లూరులో అత్తగారింట్లో ఉంది, ఎనిమిదో నెల. కాళ్లు బోదలెక్కాయి, ముఖం ఉబ్బింది. ఉచ్చలో అల్బుమిన్ పోతుంటే కాచగానే కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకడుతుందనీ, అట్లయితే ఒక్కపూట ఆలస్యమైనా మూర్ఛలొచ్చి తల్లీబిడ్డా దక్కరనీ దొరసాని డాక్టరు మరీమరీ చెప్పింది.

కాచాడు. తేటగా ఉంది. యాసిడ్ చుక్క వేశాడు. అయినా తేటగానే ఉంది. బతికించినావు ప్రభువా, అనుకున్నాడు.

ఇక చక్కెర పరీక్ష. నీలంమందులో ఎనిమిది చుక్కలేసి కాస్తే నీలం పచ్చనై, పచ్చ ఎర్రనై, ఇటుకపొడిలా అడుక్కు దిగింది. రత్నమణికి చక్కెర ఎక్కడిది? ఆ ఇంట్లో చక్కెరరోగం ఉన్నది చెల్లెలి అత్త విశ్వాసమ్మకు. తను ఉచ్చ పోసినచోట చీమలు పడతాయని ఆమే అందరికీ చెప్పుకునేది.

హంద్రి ఏటి ఇసకలో పడి కల్లూరుకు పరుగెత్తాడు.

విశ్వాసమ్మ దాచనైనా దాచలేదు. "నాదే పంపిచ్చినానప్పా. చూలింత ఉచ్చ తోడబుట్టినోని చేతికా? సిగ్గుండొద్దా?"

"మనిషి సచ్చిపోతాది గదత్తా!" అని అరిచాడు.

"అత్తను అనొద్దన్నా, నేనే బతిమాలుకున్న్యా," అంది రత్నమణి, గోడకు ఆనుకుని. "క్రిస్మస్ నాడు అందరి ముందరా నగితివే, ఒక్కొక్కదాని ఉచ్చ కుళ్లిన పీనుగ మాదిరి కంపు కొడతాదని. నాదీ అట్లే అనుకుంటావని..."

ఛీ, నాదొక నోరా! ఆ నోట్లో పేడ కొట్టినా తప్పులేదనిపించింది దాసన్నకు. చెల్లెలిది బుడ్డిలో పట్టించుకుని మళ్లీ పరుగెత్తాడు.

ఈసారి గొట్టం కాగీ కాగకముందే లోపలిదంతా తెల్లగా బిగుసుకుపోయింది. తలకిందులు చేస్తే చుక్క రాలలేదు. డాక్టరు చూసి, ఇప్పుడే ఈ క్షణమే తీసుకురమ్మంది.

కల్లూరు పోయి, బండిలో గడ్డి పరిచి, చెల్లెలి తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఉబ్బిన కళ్లు తెరుచుకోవడం లేదు. తల పగిలిపోతాందని మూలుగుతూనే, బండి హంద్రిలో దిగాక ఆమె మెల్లగా అడిగింది.

"శానా వాసన కొట్టెనా అన్నా?"

దాసన్న ముక్కుకు కట్టుకునే తువ్వాల తీసి ఆమె ముఖం తుడిచాడు.