వెనక వరండాలో కందిరీగలు

తడి దుప్పటిని దండెం మీద వేయబోతూ ఆమె అలవాటుగా తలెత్తి చూసింది. సన్‌షేడ్ కింద మూలన ఆ గూడు బూడిదరంగు కాగితప్పొట్లంలా వేలాడుతోంది. దాని మీద నాలుగైదు కందిరీగలు చలికి ముడుచుకుని కదలీ కదలక ఉన్నాయి. ఎండ పడితే లేస్తాయి. ఆలోగా నలుగురి బట్టలూ, రెండు దుప్పట్లూ ఆరేసి లోపలికి వెళ్లిపోవాలి. అందుకే రెండు నెలలుగా ఆమె అలారం అరగంట ముందుకు జరిగింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె ఎన్నింటికి లేస్తుందో తెలుసుకోవలసిన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ పడలేదు.

మొదటిసారి చూసినప్పుడు అది సీసామూతంత ఉంది. ఆ రోజే భర్తకు చెప్పింది. అతను బూట్ల లేసులు కట్టుకుంటూ, "ఆదివారం తీసేద్దాంలే" అన్నాడు. ఆ ఆదివారం అతనికి తలనొప్పి. తర్వాతి ఆదివారం స్నేహితుడు ఇల్లు మారుతుంటే సాయం వెళ్లి, ఆ ఇంటి ఫ్యాన్లన్నీ తనే బిగించానని వచ్చి చెప్పాడు. మూడో ఆదివారం టీవీలో మ్యాచ్. నాలుగో ఆదివారం ఆమె మళ్లీ గుర్తుచేస్తే, "ఒకే మాట పట్టుకుని ప్రాణం తీస్తావేంటి? చెప్పావుగా, విన్నాగా" అన్నాడు.

విన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

అతను లిఫ్టులు బిగించే కంపెనీలో సూపర్‌వైజరు. అన్నం తింటూ కూడా ఫోన్‌లో కిందివాళ్లను దులిపేస్తుంటాడు. "కంప్లెయింటు వచ్చి గంటైంది, ఇంకా బయల్దేరలేదా? లోపల మనిషి ఇరుక్కుంటే ఎవడు బాధ్యుడు?" అంటాడు. పక్కనే నిలబడి వడ్డిస్తూ ఆమె ఆ మాటలు వినేది. ఏ నంబరుకు చేస్తే నా కంప్లెయింటు కూడా తీసుకుంటారండీ అని అడగాలనిపించేది. నవ్వు గొంతుదాకా వచ్చి అక్కడే ఆగిపోయేది.

"అంత భయమైతే దండెం ఇంకోచోట కట్టుకోవచ్చుగా అమ్మాయ్" అంది అత్తగారు. సరే, ముందు వరండాలో కడతానంటే, "వీధిలోకి మన లోపలి బట్టలు చూపిస్తావా, ఇంకా నయం!" అని బుగ్గలు నొక్కుకుంది. ఇక మిగిలింది వెనక వరండానే. అక్కడ బట్టలుతికే రాయి, చీపుర్లు, నేల తుడిచే గుడ్డ, చెత్తబుట్ట, గ్యాస్ సిలిండరు ఉంటాయి. రెండు నెలల్లో ఆ వరండాలో అడుగుపెట్టిన మనిషి తనొక్కతే అని ఆమెకు ఒకరోజు గుడ్డ పిండుతుండగా తట్టింది. ఆ గూడు హాల్లో టీవీ పైన కట్టుకుని ఉంటే ఎన్ని గంటలు బతికేది? పడకగదిలో అతని తలవైపు కట్టి ఉంటే? పాపం కందిరీగలు, వాటికి ఈ ఇంటి గుట్టు ఎవరు చెప్పారో గాని, ఎవరూ పట్టించుకోని చోటు చూసుకుని మరీ కాపురం పెట్టాయి అనుకుంది.

మూడు వారాల కింద ఒకటి కుట్టింది. దుప్పటి దులపగానే చెవి వెనక నిప్పు పెట్టినట్టయింది. పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదవులు ఉబ్బాయి, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువెక్కింది. అయినా డబ్బాలు సర్ది, పాపకు జడలేసి బడికి పంపి, తను పనిచేసే రక్తపరీక్షల లాబ్‌కు పరిగెత్తింది. "మళ్లీ లేటా? పరగడుపున వచ్చినవాళ్లు ఎంతసేపు కూర్చుంటారు?" అన్నాడు మేనేజరు, ఆమె మొహం వైపు చూడకుండానే. రక్తం ఇవ్వడానికి చెయ్యి చాపిన పెద్దాయన మాత్రం చూశాడు. "నీ చెయ్యి వణుకుతోందమ్మా. నాకేం తొందర లేదు, నువ్వు ముందు కూర్చో" అన్నాడు. ఆ ముక్కకే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

లాబ్ డాక్టరు గబగబా ఇంజెక్షన్ ఇచ్చి, గంటసేపు కుర్చీలోంచి లేవనివ్వలేదు. "ఇది మామూలుగా కుట్టడం కాదమ్మా, నీ ఒంటికి ఆ విషం పడదు. ఇంకోసారి కుడితే ఊపిరి ఆగిపోవచ్చు. ఇంట్లోవాళ్లకి చెప్పు. ముందు ఆ గూడు తీయించు" అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. నలుగురూ అక్కడే ఉన్నారు. "మీ డాక్టరు రక్తం చూసే డాక్టరేగా, ఆయనకి కందిరీగల గురించేం తెలుసు?" అని నవ్వాడు భర్త. "మా రోజుల్లో కుడితే ఉల్లిపాయ రుద్దుకుని మళ్లీ పనిలో పడేవాళ్లం. ఇప్పటివాళ్లకి అన్నిటికీ డాక్టర్లే" అంది అత్తగారు. తర్వాత మాట పప్పులో ఉప్పు మీదికి మళ్లింది. ఉప్పు నిజంగానే తక్కువైంది. ఆమె లేచి ఉప్పుడబ్బా తెచ్చింది. తన ఊపిరి ఆగిపోవడం గురించి ఆ ఇంట్లో జరిగిన చర్చ అంతే.

ఆ తర్వాత ఆమె ఎవరికీ గుర్తుచేయలేదు. తలకు తువ్వాలు చుట్టుకుని, పొడుగు చేతుల చొక్కా వేసుకుని బట్టలు ఆరేయడం అలవాటు చేసుకుంది. అలా ఎంతకాలం సాగేదో.

ఒక సెలవురోజు ఉదయం అతను హాల్లోంచి కూతురికి కేకేశాడు. "పాపా, వెనకాల నా నీలం చొక్కా ఉంది, పట్రా." పాపకు తొమ్మిదేళ్లు. వంటింటి కిటికీలోంచి ఆమె చూసేసరికి, ఆ పిల్ల సరిగ్గా గూడు కిందే మునివేళ్ల మీద నిలబడి చొక్కాను లాగుతోంది. లాగినప్పుడల్లా దండెం ఊగి సన్‌షేడ్ అంచుకు తగులుతోంది. ఎండ బాగా ఎక్కింది. గూటి మీద నల్లటి కదలిక మొదలైంది. ఆమె పొయ్యి మీద గిన్నె అలాగే వదిలేసి పరిగెత్తి, పిల్లను నడుము పట్టుకుని లోపలికి లాక్కొచ్చి తలుపు వేసేసింది. పొయ్యి ఆపి హాల్లోకి వెళ్లి అడిగింది.

"అక్కడ అవి ఉన్నాయని తెలిసి దాన్నెందుకు పంపారు?"

"ఏదో గుర్తులేదు. కుట్టలేదుగా? అయినా అంత భయముంటే నువ్వే ఏదో ఒకటి చెయ్యొచ్చుగా. ఉద్యోగం చేసేదానివి, అన్నిటికీ నేనే కావాలా? చొక్కా ఏది?"

చొక్కా వరండాలో నేల మీద పడి ఉంది. ఆమెకు ఆ క్షణంలో కోపం కూడా రాలేదు. కూతురు చొక్కా కోసం మునివేళ్ల మీద నిలబడిన తీరే కళ్లముందు ఆడుతోంది. ఆ వరండా దారి పిల్లకు కూడా అలవాటు కాబోతోంది.

మధ్యాహ్నం హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి పురుగులమందు స్ప్రే కొంది. "చీకటి పడే వేళ కొట్టండి, అప్పుడన్నీ గూట్లోనే ఉంటాయి. టార్చి పట్టుకుని ఒకరు పక్కనుండాలి. అవునూ, మీ ఇంట్లో మగాళ్లు లేరా?" అన్నాడు షాపతను.

"ఉన్నారు" అంది ఆమె.

పొద్దు వాలాక ఒంటి నిండా బట్ట కప్పుకుని, చేతులకు లాబ్ గ్లవ్స్ తొడుక్కుని భర్త దగ్గరికి వెళ్లింది. "ఏమండీ, ఒక్కసారి టార్చి పట్టుకుంటారా? రెండు నిమిషాల పని."

"అయిదు నిమిషాల్లో వస్తా, నువ్వు పద" అన్నాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆమె అయిదు నిమిషాలు నిలబడింది. పది నిమిషాలు నిలబడింది. వెలుగు తగ్గిపోతోంది. చివరికి టార్చిని సిలిండరు మీద ఆనించి, స్టూలు ఎక్కి తనే కొట్టింది. నురగ నురగగా మందు గూటిని కప్పేసింది. చాలా కందిరీగలు టపటపా రాలాయి. ఎలాగో బయటపడ్డ ఒకటి టార్చి వెలుగులో గిర్రున తిరిగి, బట్ట జారిన మెడ మీద వాలి కుట్టింది. దిగుదామనుకునేలోపు గొంతు బిగుసుకుంది. గోడ పట్టుకుంది. "పాపా" అని పిలిచిందో, పిలిచాననుకుందో తెలియదు.

కళ్లు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉంది. ముక్కు మీద ఆక్సిజన్ మాస్కు. తెల్లారి పైఇంటి టైలరు ఆవిడ పాపను వెంటబెట్టుకుని వచ్చింది. యాభై ఏళ్ల ఒంటరి మనిషి. బ్లౌజులు కుట్టడం తప్ప వేరే గొడవ పెట్టుకోదు. మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయి అలాగే వచ్చేసింది. "అమ్మయ్య, మనిషివయ్యావు. నిన్న ఆటోలో నీ రంగు చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయనుకో" అంటూ మంచం మీద కూర్చుంది.

"నువ్వు స్టూలు మీంచి పడిపోయావమ్మా" అంది పాప. "నాన్నా, అమ్మ పడిపోయింది అన్నా. వస్తున్నా ఉండు అన్నాడు. మళ్లీ వెళ్లి అన్నా. వస్తున్నానన్నానుగా అన్నాడు. అందుకని పైకి పరిగెత్తా. ఆంటీ మిషను మీంచి లేచి వచ్చేసింది."

పిల్ల గొంతులో ఫిర్యాదు లేదు. రోజూ వెళ్లే బస్సు రాకపోతే ఇంకో బస్సు ఎక్కానని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆమెకు భయమేసింది అందుకే. 'వస్తున్నా' అన్న మాటకు అర్థమేమిటో తెలుసుకోవడానికి తనకు పదకొండేళ్లు పట్టింది. తొమ్మిదేళ్ల పిల్ల రెండు పిలుపుల్లో తెలుసుకుంది. తెలుసుకుని, తండ్రి మీద కోపమైనా తెచ్చుకోకుండా మెట్లెక్కింది. ఆ కోపం రాకపోవడం తననుంచే నేర్చిందని తోచి, ఆమె మాస్కు లోపలే చాలాసేపు ఏడ్చింది. టైలరు ఆవిడ ఆమె అరచేయి పట్టుకుని కూర్చుంది.

సాయంత్రం భర్త ఫ్లాస్కుతో వచ్చాడు. నిద్రలేని మొహం, నలిగిన చొక్కా. కంగారుపడ్డాడన్నది నిజమే. కూర్చున్నాక కాస్త తేరుకుని, శుభవార్త చెబుతున్నట్టు ముందుకు వంగాడు. "ఆ గూడు తీయించేశాను. పొద్దున ఫోన్ చేస్తే మనిషి వచ్చాడు. మొత్తం అరగంట పని! దానికి నువ్వు అనవసరంగా ప్రాణం మీదికి తెచ్చుకున్నావు."

అరగంట. ఆమె ఆ మాటను లోపల రెండుసార్లు అనుకుంది.

డ్యూటీ డాక్టరు వచ్చి కాగితాలు తిరగేస్తూ, "ఇంతకుముందు ఎప్పుడైనా కందిరీగ కుట్టిందా?" అని అడిగింది.

"లేదండీ, ఇదే మొదటిసారి" అన్నాడు అతను.

ఆమె మాస్కు పక్కకు జరిపింది. "రెండోసారి. మూడు వారాల కింద కుట్టింది. ఇంకోసారి కుడితే ఊపిరి ఆగిపోవచ్చని డాక్టరు గారన్నారు. ఇంట్లో చెప్పాను."

"నాకు చెప్పలేదే!" అన్నాడు. నిజంగా ఆశ్చర్యపోతూ అన్నాడు. అబద్ధమాడుతున్నాడేమోనని ఆమె అతని కళ్లలోకి చూసింది. కాదు. ఉప్పు తక్కువైన సంగతి గుర్తుండే ఉంటుంది. ఇది గుర్తులేదు. అబద్ధమైతే దెబ్బలాడి ఉండేది.

డిశ్చార్జి చేసే ముందు నర్సు ఒక ఇంజెక్షన్ పెట్టె తెచ్చింది. "ఇది ఎప్పుడూ దగ్గరుండాలి. మళ్లీ కుడితే వెంటనే తొడకి పొడవాలి. సార్, మీరు నేర్చుకుంటారా?"

"తనకే చెప్పండి. రోజంతా సూదులు పొడిచే మనిషే, తనే చూసుకుంటుంది" అన్నాడు అతను, మోగుతున్న ఫోన్ వైపు చూస్తూ.

"స్పృహ తప్పిన మనిషి తనకు తనే ఎలా పొడుచుకుంటుంది సార్?"

అతను ఫోన్ కట్ చేశాడు.

"పైఇంటావిడ కింద మందుల షాపు దగ్గరున్నారు, వస్తారు. ఆవిడకి నేర్పండి" అంది ఆమె. నర్సు ఇంకో కాగితం, పెన్ను అందించింది. అత్యవసరమైతే ఎవరికి కబురు చేయాలో రాయాలట. ఆమె తడుముకోకుండా టైలరు ఆవిడ నంబరు రాసింది.

భర్త వంగి చూశాడు. "పరాయివాళ్ల నంబరు ఎందుకు? నాది మర్చిపోయావా?"

"లేదండీ, గుర్తుంది. పాప పరిగెత్తింది ఆవిడ దగ్గరికే కదా."

అతను ఏదో అనబోయాడు. ఆమె ఆగి వినలేదు. ఇంకో గడి మిగిలింది. 'పేషెంటుకు ఏమవుతారు' అని ఉంది అందులో. ఒక్క క్షణం ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో, 'పిలిస్తే వస్తుంది' అని రాసింది.