రేపల్లె వైపు చూసిన పీతలు

తెనాల్లో పూర్ణచంద్ర షెడ్డులో పొద్దున్నే మొదలయ్యే పని ఒకటే. ఫైబర్ విగ్రహాన్ని నున్నగా రుద్దడం, రంగేయడం, ఆఖర్న కళ్ళు పెట్టడం. కళ్ళు పెట్టగానే అది తను వెళ్ళాల్సిన ఊరి వైపు మెడ తిప్పేస్తుంది. ఒకసారి చీరాలోళ్ళు చేయించుకున్న నాయకుడు వడ్లమూడి వైపు తిరిగాడు. పూర్ణచంద్ర దాన్ని వడ్లమూడిలోనే దింపొచ్చి, చీరాలోళ్ళకి ఇంకోటి చేసిచ్చాడు.

ఆయన కూతురు సాయి సుధ చేసేవి మాత్రం అచ్చులో పోసి తీసే, అరచేతిలో పట్టే రెజిన్ పీతలు. ఒకదానికి నెత్తిన కూలింగ్ గ్లాసులు, ఒకదానికి హెల్మెట్, ఇంకోదానికి పెళ్ళికూతురి బాసికం.

"ఆడుకోడానికి కాదు, పూజకీ కాదు. ఇంకెందుకే ఇవి?"

"చూసి మురిసిపోడానికి నాన్నా! ఆర్ట్ టాయ్స్ అంటారు. ఏరి ఏరి దాచుకుంటారు జనం."

ఆ రోజు బాపట్ల నుంచి శేషగిరిరావు కారేసుకొని దిగాడు. ఆయనింటి నిండా అద్దాల బీరువాలే. ఇంకెవరి దగ్గరా లేని బొమ్మలే కొంటాడు.

"పీతలన్నీ నాకే కావాలండి. వీటి అచ్చు నా కళ్ళముందే పగలగొట్టాలి. పాప ఇంక ఇవి చెయ్యకూడదు. అప్పుడే కదా వీటికి విలువ!"

పూర్ణచంద్రకి ప్రాణం లేచొచ్చింది. "దానికేముందండి, పగలగొట్టేద్దాం. ఇది కూడా బుద్ధిగా చదువుకుంటుంది."

"ఆ అచ్చు కుదరడానికి ఏడాది పట్టింది. ముట్టుకో చెప్తా!" అంది సుధ.

"నోర్ముయ్."

"పోనీ కళ్ళన్నా పెట్టనివ్వండి అంకుల్."

"వద్దమ్మా, అలాగే ఇచ్చెయ్. కళ్ళు బాపట్లలో పెట్టించుకుంటా. మీ షెడ్డు సంగతి నాకు తెలీదేంటి?"

సుధకి ఒళ్ళు మండింది. పెద్దాళ్ళిద్దరూ బేరంలో పడగానే సన్న కుంచె అందుకుంది. ఇవి బాపట్ల వైపు తిరిగాయో, అచ్చు పోయినట్టే. తిరిగితే తిరగనీ అనుకుంది. చుక్క, పక్కన చుక్క. నాన్న సుత్తి తెచ్చేసరికి ఆఖరి పీతకి రెండో కన్ను కూడా పెట్టేసింది.

బల్ల మీద గరగరమంది. పీతలన్నీ కలిసి రేపల్లె వైపు తిరిగాయి.

"ఒక్కటైనా ఇటు చూడదేంటండీ?" శేషగిరిరావు ఒకదాన్ని చేత్తో తన వైపు తిప్పాడు. అది మళ్ళీ అటే తిరిగింది.

పూర్ణచంద్ర కాసేపు పీతల్ని, కాసేపు కూతుర్ని చూసి సుత్తి కింద పెట్టేశాడు. "ఏమనుకోకండి సార్. ఇక్కడ బొమ్మ ఎటు చూస్తే అటే."

మధ్యాహ్నానికి తండ్రీకూతుళ్ళు అట్టపెట్టె పట్టుకొని రేపల్లెలో బస్సు దిగారు. మూత తీస్తే పీతలు తలో దిక్కూ చూస్తున్నాయి. హెల్మెట్‌ది ఆటోల వైపు, బాసికంది పెనుమూడి రోడ్డు వైపు. కూలింగ్ గ్లాసులది మాత్రం చేపల గంప దించుకుంటున్న ఒకావిడ వైపు.

"నన్నే చూస్తందేంటమ్మా ఇది?" ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకొని పీతని ఎత్తుకుంది. తిప్పి తిప్పి చూసి పకపకా నవ్వింది. "దీన్ని చూస్తే మా ఆడబిడ్డ ఊరుకోదు. దానిక్కూడా ఒకటి కావాలే!"

పెట్టెలో మిగిలినవేవీ ఆవిడ వైపు చూడట్లేదు. సుధ నోరు తెరిచేలోపే పూర్ణచంద్ర అందుకున్నాడు.

"వచ్చే ఆదివారం తెస్తామమ్మా. మా పిల్ల చేస్తుంది."